గడప దగ్గరి అద్దం

నేను దయ్యాలను నమ్మను. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాను. టేపు పెట్టి కొలవగలిగిందే నాకు నిజం. ఇది కూడా కొలిచే రాస్తున్నాను.

1981 వేసవి. ఆఖరి పరీక్షలు రాసి ఆలూరు దగ్గర మా ఊరికి వచ్చాను. మా అవ్వ నడుము వంగిపోయి అప్పటికి పదేళ్లు. ముఖం ఎప్పుడూ నేలకే. మనుషుల్ని పాదాలు చూసి గుర్తుపట్టేది. వెన్నెముక అతుక్కుపోయిందని, బలవంతంగా నిలబెడితే విరుగుతుందని ఆదోనిలో డాక్టరు చెప్పాడు. చెంబు తగిలించుకోవడానికి ఆమెకు అందేలా గోడకు మేకు కొట్టింది నేనే. చెయ్యెత్తితే అందేది మూడడుగుల తొమ్మిది అంగుళాలు.

నడుము బాగున్న రోజుల్లో ప్రతి శుక్రవారం వాకిలి ద్వారబంధం పైపట్టెకు పసుపు పూసి, మూడు కుంకుమ బొట్లు పెట్టేది. వంగాక గడపకు మాత్రమే. అమ్మ పొట్టి మనిషి. ఒకసారి స్టూలెక్కితే, "స్టూలెక్కి పెట్టేదీ ఒక పూజేనా?" అని అవ్వ ఎత్తిపొడిచింది. అమ్మ మళ్లీ ఎక్కలేదు.

నాకొక ఉపాయం తోచింది. గడప దగ్గర నేల మీద అద్దం వెల్లకిలా పెట్టాను. అవ్వ వంగినట్టే ఉండి, అందులో నా ముఖం చూసి నవ్వింది.

"ఏమప్పా, మీసాలు ఎప్పుడొచ్చినాయి నీకు? నీ పాదాలు సెప్పనే లేదే!"

తర్వాత అద్దంలో పైపట్టె కనిపించింది. బోసిగా ఉంది. చాలాసేపు చూసింది.

"ఇది నాకెందుకు సూపిస్తివిరా?"

ఆ పూట నుంచి అన్నం ముట్టలేదు. పసుపు నేను పెడతానన్నాను. "నువ్వు పెడితే ఇంగ నేనెందుకు?" అంది.

ఐదో రోజు శుక్రవారం. అమ్మ ఎమ్మిగనూరులో పుట్టింట్లో ఉంది. తాత విత్తనాలకు ఆదోని పోయాడు. పొద్దున ఏడున్నరకు రెండు బిందెలతో బోరింగు దగ్గరికి వెళ్లి, ఇరవై నిమిషాల్లో వచ్చాను.

అవ్వ గడప పక్కన ఒరిగి ఉంది, వంగినట్టే. ప్రాణం లేదు. వేళ్లకు తడి పసుపు. అద్దం మీద కూడా పసుపు, మూడు బొట్లు. పైపట్టె అందక, అద్దంలో కనిపించే పట్టెకే పెట్టుకుందని అర్థమై ఏడ్చాను. తువ్వాలుతో అద్దం శుభ్రంగా తుడిచాను.

తుడిచిన అద్దంలో ఇంకా పసుపు కనిపిస్తోంది.

తలెత్తి చూశాను. పైపట్టె మీద తడి పసుపు. మూడు బొట్లు.

స్టూలు మూలగదిలో, మీద పెట్టిన శనక్కాయల మూటతో అట్లే ఉంది. ఎదురింటి సంజమ్మ పొద్దుటి నుంచి అరుగు మీదే కూర్చుని ఉంది. "ఎవురూ రాలేదప్పా," అంది.

కర్మ అయ్యాక కొలిచాను. పైపట్టె ఎత్తు ఆరడుగుల ఐదు అంగుళాలు. మిగతా రెండడుగుల ఎనిమిది అంగుళాలు అవ్వకు ఎలా అందాయో నాకు ఇప్పటికీ తెలియదు.