మడత సైకిల్ కీళ్ళు, మా తమ్ముడు

మా తమ్ముడిది ఎదురు కొట్టు. నాదీ సైకిల్ రిపేరే, వాడిదీ అదే. ఇద్దరికీ పని నేర్పింది నాన్నే. అయినా జనం రోడ్డు దాటి మరీ వాడి దగ్గరికే పోతారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, అదనుకుందామంటే వాడి కొట్టు పక్కింటివాళ్ళూ వాడి దగ్గరికే పోతారు! కడుపు మండదా మరి?

వాడు గొప్పగా మాట్లాడడు. అసలు మాట్లాడనే మాట్లాడడు. మధ్యలో ఆరేళ్ళు లేత్ వర్క్‌షాపులో పనిచేసి వచ్చాడు, ఆ ఊసూ ఎత్తడు. చక్రం తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, "ఊఁ" అంటాడు. ఆ ఒక్క "ఊఁ"కే జనం మురిసిపోతారు. నేను అరగంట విడమరచి చెబితే ఆవలిస్తారు.

ఒకరోజు వాడి షట్టర్ మూసి ఉంది. ఆసుపత్రి నర్సమ్మగారు తన మడత సైకిల్‌తో వచ్చి అక్కడ కాసేపు నిలబడి, చివరికి నా వైపు చూశారు.

"మీ తమ్ముడుగారు లేరాండీ?"

"లేడు. నేనున్నాను కదా, చెప్పండి!"

ఆ సైకిల్‌కి ముందు చక్రం దగ్గర చిన్న స్ప్రింగు ఉంటుంది. గుంత వస్తే చక్రం పైకీ కిందికీ ఆడేలా రెండు కీళ్ళు, వాటిలో ఇరుసు తిరిగే చిన్న గొట్టాలు, ప్లాస్టిక్ బుష్‌లు. అవి అరిగిపోయి హ్యాండిల్ టకటకలాడుతోంది. వాటి బదులు వెయ్యడానికి కంచు బుష్‌లు ఆవిడే తెప్పించుకున్నారు. రోజూ రైల్లో మడిచి తీసుకెళ్ళే బండి, తొందరగా కావాలన్నారు.

ఈ ఒక్క పనితో ఆవిడ నా ఖాతాదారు అయిపోవాలి, వాడు చూస్తూ ఉండాలి. అంతే నా కోరిక.

పాత బుష్‌లు తీశాను. కొత్తవి పొట్లం విప్పితే జిడ్డు జిడ్డుగా ఉన్నాయి. "కిరోసిన్‌లో కడగనిదే నట్టు కూడా బిగించకురా" అనేవారు నాన్న. మెరిసిపోయేలా కడిగి, తుడిచి, వైస్‌లో పెట్టి కీళ్ళలోకి నొక్కాను. టకటక మాయం!

ఆవిడ ఒక చుట్టు తొక్కి వచ్చి సంతోషంగా అన్నారు: "అచ్చం మీ తమ్ముడుగారు చేసినట్టే ఉందండీ."

చచ్చినట్టు నవ్వాను.

పది రోజులు గడిచాయి. గుంత గుంతకీ కీచుమంటూ ఆ సైకిల్ రోడ్డు మీదికి వచ్చింది, నేరుగా వాడి కొట్టు ముందు ఆగింది. నేను వేలాడదీసిన టైర్ల వెనక్కి తప్పుకున్నాను. వాడు కీళ్ళు విప్పాడు. బుష్‌ని కాగితం మీద నొక్కి చూశాడు. తర్వాత నా కొట్టు వైపు చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఇంకాస్త వెనక్కి నక్కాను.

మర్నాడు ఆవిడ బండి తీసుకెళ్ళగానే నేనే వెళ్ళి వాడి మీద పడ్డాను.

"ఏం చెప్పావురా ఆవిడకి? మా అన్నకి పని రాదన్నావా?"

"కిరోసిన్‌లో కడిగావు కదూ అన్నయ్యా?" అన్నాడు నెమ్మదిగా. "అవి లోపల నూనె తాగి ఉండే బుష్‌లు. కడిగితే నూనంతా పోతుంది, కాగితం మీద నొక్కితే మరకే పడలేదు. మళ్ళీ వెచ్చటి నూనెలో నానబెట్టి వేశాను."

"నాన్న చెప్పినట్టే చేశాను!"

"నేనూ వర్క్‌షాపులో మొదటిసారి అలాగే చేశాను. మూడు రోజులు తిట్లు తిన్నాను."

వాడు అబద్ధమాడైనా నన్ను ఊరుకోబెడుతున్నాడని ఒళ్ళు మండింది.

ఆ శనివారం నర్సమ్మగారు నా కొట్టుకే వచ్చారు. "మీ తమ్ముడుగారు చెప్పారండీ, కొత్త బుష్‌లకి కొన్నాళ్ళకి నూనె పట్టించాలట. బిగించిన పని మాత్రం చాలా బాగుందన్నారు. ఈ బండికి ఇక మీ దగ్గరికే రమ్మన్నారు."

కోరుకున్నది దొరికింది, వాడి చేత్తో.

ఇప్పుడు ఆవిడ నా ఖాతాదారే. వచ్చినప్పుడల్లా నేను ఎదురు కొట్టు వైపు చూస్తాను. వాడు తల వంచుకుని పని చేసుకుంటూనే ఉంటాడు. వెధవ, ఒక్కసారి తలెత్తి గర్వంగా చూసినా బాగుండును, తిట్టుకోవడానికైనా ఉండేది.