జీహూన్ చెబితే కైల్‌కి థాంక్స్

ఈ రోజు క్లాసులో ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ అమెరికాలో మా ప్రాజెక్ట్ టీమ్‌లో నేను, ఇక్కడివాడే అయిన కైల్, కొరియా నుంచి వచ్చిన జీహూన్ ఉన్నాం. మా రోబో చేతిని డిజైన్ చేసింది పూర్తిగా జీహూనే. ప్రెజెంటేషన్‌లో అతను నోరు విప్పాడో లేదో, ప్రొఫెసర్ ఆపేశాడు.

"కైల్, నువ్వు కంటిన్యూ చెయ్యి. ఇతని యాక్సెంట్ అర్థం కావట్లేదు."

ఆయన గొణుగుడు అర్థం కాక మేము లెక్చర్లు రికార్డ్ చేసుకుని మళ్ళీ వింటాం, అది వేరే సంగతి! కైల్ మొదటి ప్రశ్నకే నీళ్ళు నమిలాడు. నేనిక ఆగలేకపోయాను.

"డిజైన్ జీహూన్‌ది ప్రొఫెసర్, అతన్నే ఎక్స్‌ప్లెయిన్ చెయ్యనివ్వండి."

జీహూన్ బోర్డు మీద బొమ్మ గీసి, నిదానంగా అంతా చెప్పాడు. క్లాసు మొత్తం చప్పట్లు కొట్టింది.

ప్రొఫెసర్ ఏమన్నాడో తెలుసా? "థాంక్యూ, కైల్."

"నాకు అలవాటే" అని జీహూన్ నవ్వేశాడు. నాకైతే ఇంకా మంట తగ్గలేదు. మీరైతే ఊరుకునేవారా?