నల్లా వచ్చేదాకా

మా నల్లాలో నీళ్లకంటే ముందు గాలి వస్తుంది. ఇవాళ కూడా ఆ బుసబుస వినగానే చెవి అటే వేశాను, నీళ్లొస్తాయా, గాలితోనే సరిపెడుతుందా అని. వెంటనే అనసూయక్క గుర్తొచ్చింది. అమీర్‌పేటలో మా పక్కింటావిడ. ఇప్పుడు బతికి లేదు.

మా గల్లీ చివర పాత బంగళా కూల్చి ఆకాశమంత అపార్ట్‌మెంటు కడతారని తెలిసినప్పుడు, దాని నీడ పంజాగుట్ట ఫ్లైఓవర్ దాకా పడుతుందని ఎగతాళి చేశాం గానీ, లోపల అందరిదీ ఒకటే బెంగ. ఉన్న సన్నటి ధారను అన్ని ఇళ్లు పంచుకుంటే మాకేం మిగులుతుంది? అభ్యంతరం చెబుతూ సంతకాలు పెట్టించడానికి అక్క మా ఇంటికొచ్చింది. కాకినాడ నుంచి వచ్చినదాన్ని, గొడవలంటే నాకు హడల్. "మావారిని అడిగి చెప్తానండీ" అన్నాను.

"నల్లా కాడ బిందె పట్టేది నువ్వా, మీ ఆయననా?" అంది. సిగ్గుపడి సంతకం పెట్టాను. ఆ తర్వాత వీధిలో ఏ జీపు ఆగినా ఉలిక్కిపడేదాన్ని.

అక్క ఇంట్లో ఎవరికైనా ముందు మంచినీళ్లు, తర్వాతే మాట. మా అభ్యంతరం అందాక స్థలం చూడటానికి అధికారి వచ్చిన రోజు మాత్రం, ఆయన్నీ బిల్డర్ మనిషినీ తన ఇంట్లో కూర్చోబెట్టి, ఖాళీ చెంబు నల్లా కింద పెట్టింది. "జర కూసోండ్రి సార్. నల్లా వచ్చినంక నీళ్లిస్త."

మండుటెండ. వంటింట్లో కుండ నిండుగా ఉందని నాకు తెలుసు. ఎక్కడ బయటపడుతుందోనని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఎంతసేపటికీ గాలే.

"ఇంకెంతసేపమ్మా?" అన్నాడు అధికారి, చెమట తుడుచుకుంటూ.

"గదే సార్, మేము సుత రోజూ అడుగుతున్నం."

చివరికి ధార సన్నగా మొదలైంది. చెంబు నిండేదాకా ఆయన దానివైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ అపార్ట్‌మెంటు అనుమతి ఫైలు ఆ తర్వాత చాన్నాళ్లు కదల్లేదు.

వాళ్లు వెళ్లగానే అక్క గడపమీద కూలబడింది. "ఇంటికొచ్చినోళ్లను దూపతోటి, గొంతెండంగ కూసోబెట్టిన. జూడు, చేతులెట్ల వణుకుతున్నయో." అప్పటిదాకా భయం నాకొక్కదానికే అనుకున్నాను. ఆ చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

ఆ ప్లాను ఇప్పుడు మళ్లీ కొత్త పేరుతో వచ్చింది. ఇందాకే ఇంకో అధికారి చెమటలు కక్కుతూ మా గేటు తీశాడు. అలవాటుగా నా చెయ్యి ఫ్రిజ్ మీదికి పోయింది. వెనక్కి తీసుకుని, ఖాళీ చెంబు నల్లా కింద పెట్టాను.

"కూర్చోండి సార్, నల్లా రాగానే నీళ్లిస్తాను."

చేతులు వణుకుతున్నాయి. అక్కవీ వణికాయి కదా అనుకుని, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.