తుపాకీకి తగిన టార్చి

మా ఇంట్లో తుపాకీ లైసెన్సు మా ఆవిడకు ఉంది, నాకు లేదు. తర్వాత తెలిసి నవ్వేకంటే ఇప్పుడే నవ్వేయండి. ఇద్దరం కలిసే కోర్సుకు వెళ్లాం, రాత పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ప్రాక్టికల్‌లో ఖాళీ రైఫిల్ చేతికిచ్చి, కంచె ఎలా దాటుతావో చూపించమన్నారు. నేను దాన్ని చంకన పెట్టుకుని, దాని మొన సరిగ్గా పరీక్షకుడి కడుపు వైపు తిప్పాను. ఆయన కోప్పడలేదు. పక్కకు జరిగి కాగితం మీద ఒక గీత గీశాడు. మళ్లీ రాయొచ్చన్నారు గానీ నాకే మొహం చెల్లలేదు.

కెనడాలో, రెజైనా సిటీకి నలభై నిమిషాల దూరంలో మాకు కొంత భూమి, ఒక కొట్టం, అరవై దాకా మేకలు ఉన్నాయి. ఆవిడది సిటీలో ప్రభుత్వోద్యోగం. నాది ఇంట్లో కూర్చుని చేసే సాఫ్ట్‌వేర్ పని. సిటీలో మనవాళ్లంతా మంచి మేకమాంసానికి మొహం వాచి ఉన్నారని సరదాగా పన్నెండు మేకలతో మొదలుపెట్టాం. సరదా రెండేళ్లలో తీరిపోయింది, మేకలు మాత్రం పెరుగుతూ వచ్చాయి.

ఆ చలికాలం మేకలు ఈనే రోజుల్లో కోయోటీలు మా కొట్టానికి మరిగాయి. కోయోటీ అంటే నక్కకు పెద్ద, తోడేలుకు చిన్న. వారం రోజుల్లో మూడు మేకపిల్లల్ని ఎత్తుకుపోయాయి. ప్రతిసారీ తెల్లవారకముందే, ఆ చీకట్లోనే. పొద్దున వెళ్లి చూస్తే మంచు మీద అడుగుల జాడ, ఒక ఎర్రటి మరక, కొట్టం తలుపు దగ్గర అరుస్తూ తల్లిమేక. మూడో పిల్ల పోయిన రోజు నాకు తిండి సహించలేదు. రైఫిల్ ఉంది, కాల్చడం వచ్చిన మనిషి ఉంది, ఇంకేం కావాలని ఆవిడ మీద ఎగిరాను.

"వచ్చింది ఏందో నాకు కనిపియ్యాలె," అంది. మాది గుంటూరు వైపు, ఆమెది నల్లగొండ వైపు. "కోయోటీనా, కుక్కనా, మనిషా? చీకట్ల ఎట్ల తెలుస్తది? కనిపియ్యకుంట నేను ట్రిగ్గర్ మీద వేలు పెట్ట. ముందుగాల తుపాకీకి లైట్ సంగతి చూడు. అప్పటిదాక రైఫిల్ లాకర్లనే ఉంటది."

అక్కడితో ఆగలేదు. మన భూమిలో మన పశువుల్ని కాపాడుకోవడానికి చీకట్లో ఏం చెయ్యొచ్చో, ఏం చెయ్యకూడదో సంబంధిత ఆఫీసుకు ఫోన్ చేసి అడిగింది. లైటు వేసి కాల్చినా పర్వాలేదని వాళ్లు నోటితో చెప్పింది చాలక, అదే ఈమెయిల్‌లో పెట్టమంది. ఎంతైనా ప్రభుత్వోద్యోగి.

అలా రైఫిల్‌కు బిగించే టార్చి వెతికే పని నా నెత్తిన పడింది. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఎక్సెల్ షీట్ తెరిచాను. నలభై టార్చిలు, వాటి ధరలు, రివ్యూలు, లూమెన్స్. లూమెన్స్ అంటే వెలుగు ఎంత ఉందో చెప్పే లెక్క. ఏది ఎక్కువుంటే అది పైకి వచ్చేలా పెట్టి, తక్కువ ధరలో ఎక్కువ వెలుగున్నదాన్ని ఆర్డర్ చేశాను. టీవీ కొన్నా ఫ్రిజ్ కొన్నా నా పద్ధతి అదే.

అది వచ్చిన సాయంత్రం సన్నగా మంచు పడుతోంది. గర్వంగా వరండాలో నిలబడి బటన్ నొక్కాను. ఎదురుగా తెల్లటి గోడ లేచింది. వెలుగంతా వెడల్పుగా పరుచుకుని, పడుతున్న ప్రతి మంచు రేకునూ వెలిగించింది తప్ప, కంచె కాదు కదా కొట్టం కూడా కనిపించలేదు. నాలుగు నిమిషాలకు అదీ పసుపు తిరిగి ఆరిపోయింది. బయట మైనస్ ఇరవై ఎనిమిది. నేను అలవాటు కొద్దీ సెల్స్ బయటికి తీసి, అరచేతుల మధ్య రుద్ది, మళ్లీ వేసి, టార్చి వెనక రెండు దెబ్బలు వేశాను. చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడల్లా మా ఇంట్లో అందరం చేసిన వైద్యమే. ఆవిడ తలుపు దగ్గర చేతులు కట్టుకుని చూస్తోంది.

"కోయోటీకి కుర్చీ ఎయ్యి. సెల్స్ వేడెక్కేదాక కూసుంటది," అంది.

రెండోసారి వెలుగు సన్నగా, దూరం వెళ్లేదాన్ని చూసి తెప్పించాను. చలికి తట్టుకునే లిథియం సెల్స్ కూడా వేశాను. దానికి ఎక్కువ వెలుగు, తక్కువ వెలుగు, టపటపా ఆరుతూ వెలగడం అని ఐదు రకాలున్నాయి. ఐదు రకాలంటే ఐదింతలు మంచిదనుకున్నాను. మధ్యాహ్నం పూట, దాన్ని రైఫిల్‌కు బిగించి, పొలం వెనక ఉన్న మట్టి దిబ్బకు గురిపెట్టి ఆవిడ కాల్చింది. మొదటి దెబ్బకే టార్చి పెళ్లి పందిట్లో సీరియల్ లైటులా టపటపలాడటం మొదలుపెట్టింది. రెండో దెబ్బకు ఆరిపోయింది.

"ఏందిది, మీ చెల్లె పెళ్లా?" అని ఆవిడ తుపాకీ ఖాళీ చేసి కింద పెట్టి మరీ నవ్వింది.

ఆ సమయానికి పక్క పొలం పెద్దాయన గడ్డి ఇవ్వడానికి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఎప్పుడూ వెంట ఒక ముసలి కుక్క. ఆయన నా టార్చి మూత విప్పి బ్యాటరీని బొటనవేలితో నొక్కి చూపించాడు. "తుపాకీ వెనక్కి తన్నినప్పుడు లోపల ఇది కూడా తన్నుతుంది. క్షణం పాటు కనెక్షన్ పోతుంది. నువ్వు బటన్ నొక్కావనుకుని లైటు వేషం మారుస్తుంది," అన్నాడు. సరైనది కావాలంటే తుపాకీకి పెట్టినంత డబ్బూ దానికీ పెట్టాలని, మా బోటివాళ్లకు ఎందుకన్నట్టు నవ్వాడు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

ఎక్సెల్ షీట్ మూసేశాను. రెజైనాలో టార్చిలు అమ్మే షాపులన్నీ తిరిగి, ప్రతిదాని మూతా విప్పి లోపల వేలు పెట్టి చూశాను. ఒక చోట కౌంటర్ ఆవిడ, కొనడానికి వచ్చారా రిపేరుకు వచ్చారా అని అడిగింది. చివరికి ఒక మూల అడుగు అరలో దొరికింది. పేరు కూడా సరిగ్గా కనిపించని, మందపాటి అల్యూమినియం గొట్టం. బ్యాటరీకి రెండు వైపులా స్ప్రింగులు, కాబట్టి అది ఎటు తన్నినా కనెక్షన్ పోదు. ఒకటే బటన్, ఒకటే వెలుగు, వేషాలు లేవు. ధర కూడా తక్కువే అని చూసి రెండు తీసుకున్నాను. ఎందుకంటే ఈలోగా ఆవిడ ఇంకో షరతు పెట్టింది.

"తెలియని దాని దిక్కు తుపాకీ తిప్పి చూసుడు ఉండదు. చూసే లైట్ నీ చేతుల, కాల్చే లైట్ నా తుపాకీకి. నువ్వు చూపిస్తెనే నేను లేపుత."

ఆ రెండింటికీ నేను పెట్టిన పరీక్షలు ఆ పరీక్షకుడు నాకు కూడా పెట్టలేదు. రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో గోంగూర, మునక్కాడల ప్యాకెట్ల మధ్య పడుకోబెట్టాను. వరండా మీద నుంచి గడ్డకట్టిన నేల మీదికి ఆరుసార్లు విసిరాను. బకెట్ నీళ్లలో ముంచాను. తర్వాత ఒకదాన్ని రైఫిల్‌కు బిగించి, మళ్లీ మట్టి దిబ్బ దగ్గర ఇరవై గుళ్లు కాల్పించాను. ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు. ఇరవయ్యోదానికి నేను చప్పట్లు కొట్టాను. ఆవిడ మెచ్చుకోలేదు గానీ, "ఇది నడుస్తది," అంది. ఆ ఒక్క మాటకు నాకు ప్రమోషన్ వచ్చినంత పొంగు వచ్చింది.

నాలుగు రోజులకు, పొద్దున ఆరింటికి, ఇంకా కటిక చీకటి. మేకలు ఒక్కసారిగా అరిచాయి. బూట్లు తొడుక్కుని బయటికి పరుగెత్తాం. ఆవిడ రైఫిల్ మొన నేలకు దించి నా పక్కన నిలబడింది. నేను నా చేతిలోని టార్చి కంచె వైపు వేశాను. సన్నటి వెలుగు మంచు మీదుగా సూటిగా వెళ్లింది. కంచెకు ఇవతల, ఈనిన మేకలున్న కొట్టానికి ఇరవై అడుగుల దూరంలో, రెండు కళ్లు ఆకుపచ్చగా మెరిశాయి. చెవులు నిక్కి ఉన్నాయి. బూడిదరంగు ఒళ్లు. అది కొట్టం వైపు ఒక అడుగు వేసింది.

"అదే! కాల్చు!" అని అరిచాను.

ఆవిడ తుపాకీ లేపలేదు.

"కాల్చవే! పోతుంది!"

"అరవకు. లైట్ జర కిందికి. మెడ మీద వెయ్యి," అంది, చాలా మెల్లగా.

నేను టార్చి కిందికి దించాను. దాని మెడ చుట్టూ ఆరెంజ్ రంగు పట్టీ ఉంది. వేటగాళ్లు పొరపాటున కాల్చకుండా పెద్దాయన తన కుక్కకు కట్టిన పట్టీ.

ఆవిడ గుళ్లు తీసేసి తుపాకీ నా పక్కన ఇంటి గోడకు ఆనించి, కుక్క దగ్గరికి వెళ్లింది. దాని చెవి చీరి రక్తం కారుతోంది. కంచె అవతల మంచు మీద కోయోటీ అడుగులు, కుక్క అడుగులు కలగాపులగంగా ఉన్నాయి. ఆ ముసలిది మా మేకలకు అడ్డం నిలబడిందో, దారితప్పి దొరికిపోయిందో నాకు తెలియదు. నేను మాత్రం అక్కడే మంచులో కూర్చుండిపోయాను.

తెల్లవారాక పెద్దాయన వచ్చాడు. ఆవిడ జరిగింది చెప్పింది. ఆయన కుక్క తల నిమిరాడు. తర్వాత టోపీ తీసి, ఆ టార్చి ఒకసారి చూడొచ్చా అని అడిగాడు. మూత విప్పి, రెండు స్ప్రింగులూ చూసి, ఎక్కడ దొరికింది, ఇంకోటి తెచ్చిపెడతావా అన్నాడు.

"మా హస్బెండ్ సెలెక్ట్ చేశాడు," అంది ఆవిడ ఇంగ్లీషులో, నా భుజం మీద చెయ్యి వేసి. "ఆయన లైటు వేసి చూపించబట్టే నాకు పట్టీ కనిపించింది."

వారం తర్వాత నిజం కోయోటీ వచ్చింది. నేను చూపించాను, ఆమె కాల్చింది, టార్చి రెప్ప వేయలేదు. ఆ ఏడాది మళ్లీ ఒక్క పిల్ల పోలేదు. ఇప్పుడు చుట్టుపక్కల ఎవరికి టార్చి కావాల్సినా పెద్దాయన నా దగ్గరికే పంపిస్తాడు. నేనూ కాలర్ ఎగరేసుకుని, మూత విప్పి స్ప్రింగులు చూపిస్తాను.

కానీ నేను "కాల్చు" అని రెండుసార్లు అరిచిన సంగతి ఆమె ఆ పొద్దున పెద్దాయనకు చెప్పలేదు. నన్ను ఏడిపించే ఒక్క అవకాశమూ వదలని మనిషి, దీన్ని మాత్రం ఇంతవరకూ ఎవరి దగ్గరా ఎత్తలేదు. అందుకే నేనే రాస్తున్నాను. మా ఇంట్లో లైసెన్సు ఎవరి దగ్గర ఉండాలో వాళ్ల దగ్గరే ఉంది.