మాగాణిలో మడచెట్టు

కోరుకొండ మాణిక్యాంబ రాజమండ్రిలో ఒక కాలేజీ వృక్షశాస్త్ర విభాగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసింది. ల్యాబ్ అసిస్టెంటుగా చేరింది, ల్యాబ్ అసిస్టెంటుగానే దిగిపోయింది. ద్రాక్షారామం దగ్గర పల్లెలో రైతు కుటుంబం వాళ్లది. బీఎస్సీ పాసైన పిల్ల కుచ్చెళ్లు ఎగదోపి బురదలో దిగుతోందని తెలిసి ఇంట్లోవాళ్లు మొదట నవ్వారు, తరవాత తిట్టారు, ఆ తరవాత సంబంధాలు చూడటం మానేశారు. ఆమె మాత్రం మొక్కలు ఏరుతూనే ఉంది. కాలవగట్లు, కొండవాలులు, కోరంగి మడ అడవి. తెచ్చిన కొమ్మలని పాత పేపర్ల మధ్య అదిమి, ఆరబెట్టి, అట్టలమీద దారంతో కుట్టేది.

అట్ట కింద అంటించే చీటీ మాత్రం ప్రెస్సులో అచ్చయి వచ్చేది: ‘సేకరణ: ప్రొఫెసర్ నరసింహమూర్తి’. ఆయన విభాగాధిపతి. నీటిమొక్కల మీద మూడు రాష్ట్రాల్లో పేరున్న మనిషి, జన్మలో పడవ ఎక్కలేదు. “జాతకంలో నీటిగండం ఉందమ్మా, నువ్వెళ్లి రా” అనేవారు, కుర్చీలోంచి లేవకుండా. చీటీ మీద చోటు లేక, మాణిక్యాంబ అట్ట మూలన పెన్సిలుతో రెండక్షరాలు రాసుకునేది: కో.మా.

నరసింహమూర్తి పోయి పదేళ్లయింది. ఆయన ఉత్తరాలు, కళ్లజోడు, సన్మానపత్రాలు, రెండువేల మొక్కల అట్టలు కలిపి కాలేజీలో ఇప్పుడు ఒక భాండాగారం పెడుతున్నారు. సోమవారం నాటికి జాబితా నెట్‌లో పెట్టాలి. మాణిక్యాంబ దగ్గరున్న ఏడు నోటుబుక్కులు ఇమ్మని కబురు పెట్టారు. మొక్క గురించి అట్టమీద ఉండేది పేరు, నంబరే. ఆ మొక్క ఎక్కడ, ఏ రోజున, ఎలాంటి నేలలో దొరికిందో అంతా ఆ పుస్తకాల్లోనే ఉంది. ఇవ్వడానికి ఆమెకి అభ్యంతరం లేదు. తన పేరు పడాలి, అంతే. అది తేల్చుకోవడానికే డెబ్బై రెండో ఏట, సంచి భుజానికి తగిలించుకుని, మోకాళ్లు పట్టుకుని మూడో అంతస్తు ఎక్కింది.

“రండి మేడం. బుక్స్ తెచ్చారా?” అన్నాడు భాండాగారం చూసే మణిశంకర్.

“తెచ్చాను. ముందు నీ జాబితా చూపించు.”

కంప్యూటరు ఆమె వైపు తిప్పాడు. సేకరణ: నరసింహమూర్తి. స్థలం: కోనసీమ మాగాణి. కిందకి జరిపింది. కోనసీమ మాగాణి. ఇంకా కిందకి. కోనసీమ మాగాణి.

“ఏంటిది?”

“అట్ట మూలన ఉంది కదండి, కో.మా. అని. ఎనిమిది వందల అట్టలకి ఉంది. వారం రోజులు బుర్ర బద్దలుకొట్టుకుని కనిపెట్టాం.”

“మూడొందల పన్నెండు తియ్యి. ఏం మొక్క అది?”

“తెల్లమడ అండి.”

“మడచెట్టు ఉప్పు బురదలో పెరుగుతుంది నాయనా. పోటుకి మునిగి, పాటుకి తేలే నేలలో. నువ్వు దాన్ని తీసుకెళ్లి మాగాణిలో నాటావు. పక్కన వరి కూడా ఊడ్పించకపోయావా?”

“నాది హిస్టరీ అండి.”

“తెలుస్తూనే ఉంది. కో.మా. అంటే కోరుకొండ మాణిక్యాంబ.”

గది అవతల ప్రొఫెసర్ కూతురు సూర్యకళ గాజుపెట్టెలో తండ్రి శాలువా సర్దుతోంది. ఇప్పుడు తలెత్తింది.

“మీరు సాయం చేశారు మాణిక్యాంబగారూ. కాదని ఎవరన్నారు? జీతం తీసుకునే చేశారు కదా.”

“మీ నాన్నగారూ జీతం తీసుకునే చేశారమ్మాయ్. నాకంటే పెద్దది.”

“ఆయన పంపిస్తేనే కదండి మీరు వెళ్లింది?”

“ఎక్కడికెళ్లానో తిరిగొచ్చాక నేను చెబితేనే ఆయనకి తెలిసేది. ఆయన పడవెక్కడం నువ్వెప్పుడైనా చూశావా?”

సూర్యకళ శాలువా మడత మళ్లీ సరిచేసింది. నీటిగండం సంగతి వాళ్లింట్లో వంటమనిషికి కూడా తెలుసు.

“పోయినాయన్ని అల్లరిపెట్టడానికి వచ్చారన్నమాట.”

“పోయినాయనకి శాలువా కప్పారు. బతికున్నదాన్ని పొలం చేసి పడేశారు. దానికొచ్చాను.”

మణిశంకర్ మధ్యలో దూరాడు. “పోనీ కింద ‘సహకారం’ అని మేడం పేరు వేద్దామండీ.”

“కుదరదు,” అంది సూర్యకళ. “సేకరణలో ఏ మార్పుకైనా మా సంతకం కావాలి. కాలేజీతో మా ఒప్పందంలో ఉంది.”

“నాకూ అక్కర్లేదు,” అంది మాణిక్యాంబ. “నేనెవరికీ సహకరించలేదు.”

మణిశంకర్ ఇద్దరి మొహాలూ చూసి కీబోర్డు మీద వంగాడు. ఎనిమిది వందల చోట్లా కోనసీమ మాగాణి పోయి ‘స్థలం తెలియదు’ అని పడింది.

“తప్పు సరిచేశానండి. ఇంక ఆ బుక్స్ ఇస్తే...”

“ఎక్కడ దొరికిందో తెలియని మొక్క దేనికి పనికొస్తుంది? పొయ్యిలోకి.”

“అందుకే కదండి అడుగుతున్నాం.”

“కోరుకొండ మాణిక్యాంబ. సేకరణ అన్నచోట. పొడి అక్షరాలు కాదు, పూర్తిగా. అది పడ్డరోజు ఫోన్ చెయ్యి. ఎక్కువకాలం ఆలోచించకు, నా వయసు తెలుసుగా.”

ఆమె సంచి తీసుకుంది. “అవి కాలేజీ ఆస్తి,” అంది సూర్యకళ వెనకనించి. “లాయరుచేత నోటీసు ఇప్పిస్తాం.”

“ఇప్పించు. దానిమీదైనా నా పేరు రాయక తప్పదుగా.”

సోమవారం జాబితా నెట్‌లో పడింది, ఎనిమిది వందల తెలియని స్థలాలతో. పద్దెనిమిది రోజులకి పోస్ట్‌మాన్ రిజిస్టరు కవరు పట్టుకొచ్చాడు. మాణిక్యాంబ కళ్లజోడు పెట్టుకుని చిరునామా రెండుసార్లు చదివింది: ‘శ్రీమతి కె. మాణిక్యాంబ, రిటైర్డ్ అటెండర్’.

“సంతకం పెట్టండమ్మా,” అన్నాడు పోస్ట్‌మాన్.

“నాకు పెళ్లి కాలేదు, నేను అటెండర్‌ని కాదు. ఈవిడెవరో నాకు తెలీదు,” అని కవరు అతని చేతిలోనే పెట్టి తలుపేసుకుంది.