వెల్వెట్‌ను తలకిందులు చేసిన లెక్క

మొన్న ఆదివారం గురుగ్రామ్ నుంచి మా మేనకోడలు వచ్చి, వాళ్ళ ఆఫీసులో తయారైన కటింగ్ సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్‌లో చూపించింది. బట్ట వెడల్పూ ముక్కల కొలతలూ ఇస్తే చాలు, ఏ ముక్క పక్కన ఏది పెడితే వృథా తగ్గుతుందో రెప్పపాటులో తెర మీద పరిచేసింది. "ఒక్క క్లిక్ అత్తా, బస్!" అని అది మురిసిపోతుంటే మెచ్చుకోవలసిందే గానీ, నాకు ఒళ్ళు మండిపోయింది. కోపం దాని మీద కాదు పాపం.

కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. మా వారికి ఢిల్లీ బదిలీ అయినప్పుడు, లెక్కల్లో ఎమ్మెస్సీ చేసిన నేను నోయిడాలో ఒక ఎగుమతి దుస్తుల కంపెనీలో చేరి, ఇదే లెక్కను, పొద్దున మొదలెడితే భోజనాల వేళకు జవాబిచ్చే ప్రోగ్రాముగా ఒంటిచేత్తో రాశాను. వెల్వెట్‌కు ఒకే వైపు వాలే నూగు ఉంటుందనీ, కొన్ని ముక్కలను తలకిందులుగా కోస్తే ఒకే రంగు రెండు ఛాయల్లో కనిపిస్తుందనీ, జాకెట్లు కుట్టే అమ్మ దగ్గర పెరిగిన నాకు ఒకరు చెప్పాలా? అందుకే వెల్వెట్ ముక్కలను తిప్పకూడదన్న నిబంధన అందులో పెట్టాను. మా మేనేజరుకు అది గిట్టలేదు. తిప్పితే బట్ట ఇంకా కలిసొస్తుందని, నేను వద్దు మొర్రో అంటున్నా వినక, నేను సెలవు పెట్టిన రోజు చూసి దాన్ని తీయించేశాడు.

ఆ వెల్వెట్ కోట్లన్నీ ఒక చెయ్యి ముదురాకుపచ్చగా, ఇంకో చెయ్యి వెలిసిపోయినట్టుగా తయారయ్యాయి. కొనేవాళ్ళు సరుకంతా వద్దన్నారు. యజమాని ముందు ఆ పెద్దమనిషి తాపీగా చాయ్ తాగుతూ, "యే తో మేడమ్ కా హిసాబ్ హై, సర్" అని, లెక్కంతా నాదేనంటూ తప్పును నా నెత్తిన రుద్దాడు. నిజం తెలిసినవాళ్ళు ఆ గదిలోనే ఉన్నారు, తలలు వంచుకుని ఫైళ్ళు తిరగేశారు. నేను గొంతెత్తితే, ఆడవాళ్ళకు ఆవేశం ఎక్కువన్నారు. ఆ సాయంత్రమే ఉద్యోగం పోయింది. ఆ మాట మిగతా కంపెనీలకూ పాకి, ఆ పని నాకు మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు, అపార్టుమెంటు పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండిపోయాను. అతను మాత్రం డైరెక్టరయ్యాడు. ఇన్నేళ్ళయినా నా కడుపుమంట చల్లారలేదు, చల్లార్చుకోవాలనీ లేదు.

ఇప్పటి ఆఫీసుల్లో లెక్క తప్పితే సిస్టమ్ తప్పంటారట, అందరూ తలలూపి మళ్ళీ పనిలో పడతారట. మంచిదే, ఎవరి కూడూ పోదు. మా రోజుల్లో నింద వేయడానికి ఆ సిస్టమ్ ఇంకా రాలేదు, ఆ చోట నన్ను నిలబెట్టారు.