గడప దాటిన సీసా

ఆ సీసా మొదటి చూపులోనే నాకు నచ్చలేదు. పొట్టిగా, భుజాలు ఎగరేసుకుని నిలబడ్డ మొండి మనిషిలా ఉంది. మూతి మీద మైనం, లోపల పసుపు రంగు నీళ్ళు. నేను వీధిలో ఫోను మాట్లాడి లోపలికి వచ్చేసరికి మా అమ్మ దానికి కుంకుమబొట్టు పెట్టి మగ్గం మీద నిలబెట్టేసింది కూడా.

ధర్మవరంలో మా పుట్టింట్లో ఒక ఆచారం ఉంది. పక్కిళ్ళలో ఉందో లేదో నాకు తెలియదు. చీర నేయించుకున్న మనిషి తానే వచ్చి తీసుకుని, సంతోషంగా ఏదైనా ఇస్తే దాన్ని ముందు మగ్గం మీద పెట్టి బొట్టు పెట్టాలి. మగ్గమెక్కిన కానుక గడప దాటకూడదు. తిప్పి పంపకూడదు, పారేయకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. ఆ ఇంట్లోనే ఖర్చయిపోవాలి. ఒకసారి ఎవరో ఊలు స్వెటరు ఇచ్చిపోతే మా నాయన దాన్ని మా ఊరి ఎండలో తొడుక్కుని తిరిగాడు. అవ్వ కాలం నుంచీ ఇంతే.

ఆ రోజు చీర తీసుకున్నది ఫ్రాన్సు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. అంతకుముందు ఏడాది మగ్గాలు చూడాలని వచ్చి, మా నాయన పక్కనే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని రోజుల తరబడి కూర్చుంది. పోతూ పోతూ ఒక చీర చెప్పిపోయింది, ఇప్పుడు దానికోసమే మళ్ళీ వచ్చింది. నేను హిందూపురంలో ఉంటూ నాయన నేసిన చీరలను ఫోన్లో అమ్ముతుంటాను. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలే వాళ్ళిద్దరికీ దిక్కు. ఆమె వస్తుందంటే పని మానుకుని నేనూ వచ్చాను.

ఆమె సీసాను చూపిస్తూ ఉత్సాహంగా చెప్పుకుపోయింది. వాళ్ళది జూరా అనే కొండల సీమట. ఇది అక్కడ మాత్రమే చేసే వైనట. తెల్ల ద్రాక్షతో చేసినా పసుపు వైను అనే పిలుస్తారట. మామూలుగా పీపాలో వైను ఆవిరై తగ్గితే మళ్ళీ నింపుతారు. దీన్ని నింపరు. తగ్గేకొద్దీ తగ్గనిస్తారు. పైన తెల్లగా ఒక పొర కడుతుంది. ఆ పొర చెదరకుండా ఆరేళ్ళకు పైగా పీపాను కదిలించరు. కొన్ని పీపాలు చెడిపోతాయి కూడా. ఇది వాళ్ళ అన్న చేసిందట.

వైను అన్న మాట చెవిన పడ్డ దగ్గర్నుంచి నేను ఆమెను వదిలి నాయన మొహమే చూస్తున్నాను.

ఎందుకంటే మా నాయన తాగేవాడు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. పొద్దున్నే మగ్గం దగ్గర కూర్చుంటే చేతులు వణికేవి, పోగులు తెగేవి. అమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్క పోగూ అతికేది. అక్క, నాకన్నా పెద్దది కాబట్టి, సారాయంగడి ముందుకు పోయి "నాయనా, రా నాయనా" అని పిలుచుకొచ్చేది. నా పెళ్ళికి ముందు ఒకరోజు నాయన మగ్గం మీద చెయ్యి పెట్టి మానేస్తున్నానన్నాడు. మానేశాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరమూ ఆ సంగతి ఎత్తలేదు. దగ్గు మందు కొనేటప్పుడు కూడా అమ్మ షాపువాణ్ణి పది ప్రశ్నలడిగి తెచ్చేది.

"ఏమంటాండాది పాపా?" అన్నాడు నాయన.

"ద్రాక్షపండ్ల పులుసు నాయనా. వాళ్ళ కొండల్లో చేస్తారంట. కూరల్లో పోసుకుంటారంట," అన్నాను.

నాయన సీసా వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"కొండల్లోదా?"

"ఊఁ."

"మంచిది," అని ఆమెకు రెండు చేతులూ జోడించాడు.

ఆమె అటు పోయిందో లేదో నాకు కాలుగాలిన పిల్లి నడక మొదలైంది. వంటింట్లోకి, వసారాలోకి, మళ్ళీ మగ్గం దగ్గరికి. సీసా అక్కడే ఉంది, నాయనకు మూరెడు దూరంలో. అమ్మకు చెబితే గుండె ఆగిపోతుంది. చెప్పకపోతే ఆ పులుసేదో చూద్దామని రేపో మాపో తనే మూత తీస్తుంది. చివరికి తువ్వాలలో చుట్టి నా బ్యాగులో వేసుకున్నాను.

"ఈ ఎండకు చెడిపోతాదమ్మా. మా ఇంట్లో ఫ్రిజ్జులో పెడతా."

"మగ్గమెక్కింది గడప దాటకూడదు కదే!"

"అత్తారింటికి పోయిన కూతురు మాదిరి పోయి మళ్ళా వస్తాదిలే," అని నవ్వాను. అమ్మ నవ్వలేదు. పడుగులో అటూ ఇటూ ఆడే నాయన నాడె ఆగింది, మళ్ళీ ఆడింది. ఆయన తలెత్తలేదు.

పెనుకొండ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయాను. బ్యాగు ఒళ్ళో పెట్టుకుంటే సీసా మోకాలికి తగులుతుంది. కింద పెడితే దొర్లుతుంది. పక్కనున్నామె నా అవస్థ చూసి, "ఏముండాదమ్మా బ్యాగులో, నూనెనా?" అని అడిగింది. "ఊఁ, నూనే." "కొబ్బరినూనెనా, నువ్వుల నూనెనా?" ఒక అబద్ధం చెబితే దానికి పిల్లలు పుడతాయి. పెనుకొండ వచ్చేలోపు ఆ నూనె మా ఊరి గానుగలో ఆడించిందీ, మోకాళ్ళ నొప్పులకు మంచిదీ అయిపోయింది. కావాలంటే ఈసారి మీకూ తెచ్చిస్తానన్నాను.

అక్క ఇల్లు పెనుకొండలోనే. దాని దగ్గర దాచిపెట్టి నేను చేతులు దులుపుకుందామని నా ఎత్తు. వాకిట్లోనే తువ్వాల విప్పి చూపించాను. అక్క మొహం మాడిపోయింది. చెయ్యి అడ్డం పెట్టింది.

"నా గడప లోపలికి తేవద్దు. చెబుతాండా."

"దాచిపెట్టక్కా, అంతే."

"కాలవలో పారబొయ్."

"మగ్గమెక్కిందక్కా."

ఆ మాటకు అక్క అడ్డం పెట్టిన చెయ్యి దించింది. అదీ ఆ ఇంటి బిడ్డే. సీసా వైపు చూసి, "నాయన చూసినాడా?" అంది.

"చూసినాడు. పులుసని చెప్పినా."

"పులుసా! నీ తెలివి తెల్లారినట్టే ఉండాది. ఎన్నేండ్లు తాగినాడే ఆ మనిషి. సీసా చూస్తే తెలీదా?" అని కొంగుతో మొహం తుడుచుకుంది. "నేను ఆ అంగడి ముందర నిలబడినప్పుడు నువ్వు చిన్నదానివి. నీకు తెలీదు. మోసుకొని పో."

మంచినీళ్ళు మాత్రం ఇచ్చింది. అవి కూడా వాకిట్లోనే నిలబడి తాగాను. నాకు కోపం వచ్చింది, అక్క మీదా, నా మీదా, వాళ్ళ అన్న చేసిన వైను సీసాను సంచిలో వేసుకుని సముద్రాలు దాటొచ్చిన ఆ పెద్దావిడ మీదా.

హిందూపురంలో ఆ సీసా ఒకచోట ఉంటే ఒట్టు. మొదట ఫ్రిజ్జులో పెట్టాను. తలుపు తీసినప్పుడల్లా కుంకుమబొట్టుతో నన్నే చూస్తోంది. బియ్యం డ్రమ్ములోకి మార్చాను. తర్వాత చీరల పెట్టెల వెనక్కి. మా ఆయన ఇదంతా చూసి, "దేవుడి సీసా అనుకో, ఒక గుక్క ప్రసాదం పుచ్చుకుంటే పోయేదేముంది?" అన్నాడు. ఆ పూట ఆయనకు కూరలో ఉప్పు ఎక్కువైంది. నేను కావాలని వేయలేదు, చెయ్యి అలా ఉంది.

నిజం చెప్పాలంటే నా భయం సీసా గురించి కాదు. నాయన మళ్ళీ మొదలుపెడితే? ఇన్నేళ్ళు నిలబడ్డ మనిషి, నా చీరల బేరం పుణ్యమా అని ఇంట్లోకొచ్చిన ఒక సీసాతో పడిపోతే? ఫోన్ చేసినప్పుడల్లా ఆయన గొంతు తడబడుతోందేమోనని వింటుండేదాన్ని. దగ్గితే దగ్గెందుకని, నవ్వితే ఎందుకు నవ్వాడని.

అమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. కొత్త పడుగెక్కించారట. పోగులు తెగిపోతున్నాయట.

"ఊరికే తెగుతాండాయే. నాయన ఏమీ అనడు. నాకు తెలుసు, మగ్గమెక్కింది గడప దాటింది కాబట్టే. తెచ్చి యాడిది ఆడ పెట్టు."

అమ్మకు ఆచారం. నాకు మాత్రం ఒకటే గుర్తొచ్చింది. నాయన చేతులు వణికితేనే మా ఇంట్లో పోగులు తెగేవి. సీసాను మళ్ళీ తువ్వాలలో చుట్టుకుని ఆ పూటే రైలెక్కాను. పెనుకొండ స్టేషన్లో బండి ఆగితే దిగి ప్లాట్‌ఫారం మీద పచార్లు చేసి, కూత వినబడగానే పరుగెత్తి మళ్ళీ ఎక్కాను. లోపల కూర్చునే ఓపిక లేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే చూసింది నాయన చేతులనే. వణకడం లేదు. "పట్టు బాగలేదు ఈసారి, ముడిసరుకులోనే లోపం," అన్నాడు తెగిన పోగును వేలిమీద చూపిస్తూ. నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

"సీసా తెచ్చినావా?" అని తనే అడిగాడు.

బ్యాగులోంచి తీసి ఇచ్చాను. నాయన గుంటలోంచి లేచి వసారాలో కూర్చున్నాడు. కత్తితో మైనం గీకాడు. బిరడాలోకి ఒక మరమేకు దించి, పట్టకారుతో పట్టి లాగాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడి, "పులుసుకు ఇంత బందోబస్తు ఏందో!" అంది.

"పులుసు కాదులే. వైను," అన్నాడు నాయన, నా వైపు చూడకుండా.

అమ్మ వచ్చి నాయన పక్కనే కింద కూర్చుంది.

నాయన స్టీలు గ్లాసులో కొంచెం పోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు వణికింది ఆయన చెయ్యి. గ్లాసులో పసుపు రంగు కదలడం నాకు కనిపించింది.

"నోరూరుతాండాది," అన్నాడు. "అబద్ధం చెప్పను."

ఇంకా వాసన చూస్తూనే, "మెంతులు వేంచినట్టుండాది. శెనక్కాయలు కూడా. యాడో పులిసిన గంజి," అని గ్లాసు నా చేతికిచ్చాడు. "మగ్గమెక్కింది ఖర్చు కావాల. నేను తాగను. నువ్వు తాగి ఎట్లుండాదో నాకు చెప్పు."

చిన్నప్పటి సారా కంపుకు ముక్కు మూసుకుని పెరిగినదాన్ని. ఆ జాతిది ఏదీ అప్పటిదాకా నోట్లో పెట్టలేదు. ఒక గుక్క మింగాను. తీపి అన్న ఊసే లేదు. మొదట పులుపు, వెనకాలే ఏదో ఉప్పుదనం, నాలుక ఎండిపోయినట్టయింది. చీ అనబోయాను. అంతలో మెంతుల వాసన గొంతులోంచి పైకి వచ్చింది, దాని వెనక వేయించిన పప్పుల రుచి. మింగి చాలాసేపైనా పోలేదు. అది ఎప్పుడు పోతుందా అని చూస్తూ నేను కదలకుండా కూర్చున్నానని తర్వాత అమ్మ చెప్పింది.

"చెప్పు మరి," అన్నాడు నాయన.

వచ్చినట్టు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆ పెద్దావిడ చెప్పిన పీపా సంగతీ, పొర సంగతీ ఈసారి ఏదీ దాచకుండా చెప్పాను. "చెడిపోయిందో బాగుందో తెలీకుండానే అన్నేండ్లు కూర్చుంటారా!" అని ఆశ్చర్యపోయాడు. అమ్మ ఒక చుక్క వేలికి రాసుకుని నాకి, "నువ్వన్నట్టే పులుసులోకి పనికొస్తాది," అని తీర్పు చెప్పింది.

సీసాను బీరువాలో పెట్టి తాళం వేద్దామని లేచాను.

"ఆ గూట్లో పెట్టు, మగ్గానికి ఎదురుగా," అన్నాడు నాయన. "దాచిపెడితే వెతుకుతా. కండ్లముందుంటే పలకరిచ్చి పోతా."

నాకు మనసొప్పలేదు. ఆయన స్నానానికి పోయినప్పుడు కండెలోంచి ఒక పసుపు పట్టుపోగు తీసి, సీసాలో వైను ఎక్కడిదాకా ఉందో సరిగ్గా అక్కడ చుట్టూ కట్టాను. గాజులోంచి వైను పసుపు, పోగూ పసుపు. ఎవరికీ కనబడదనుకున్నాను. పట్టుపోగును పట్టుకుని బతికినవాడికి కనబడదనుకున్నాను.

హిందూపురం వెళ్ళాక ఆ పోగు మీదే నా ప్రాణం. ఏదో వంకతో అమ్మకు వీడియో కాల్ చేసి, "మగ్గం చూపించమ్మా, కొత్త చీర రంగు చూడాల" అనేదాన్ని. ఫోను గూటి వైపు తిరిగేలోపే కదిలిపోయేది. నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. పడుగు అయిపోయిందని, చీరలు తీసుకుపొమ్మని నాయన చెప్పగానే బయలుదేరి ధర్మవరంలో దిగాను.

నాయన మగ్గంలో ఉన్నాడు, నా వైపు వీపు పెట్టి. అమ్మ మార్కెట్టుకు పోయిందట. చెప్పులు విడిచి నేరుగా గూటి దగ్గరికి పోయాను. వైను పోగు దగ్గరే ఉంది, వెంట్రుకవాసి తగ్గలేదు. ఊపిరి పీల్చుకుని, కొంచెం దగ్గరికి వంగి చూశాను. ముడి నాది కాదు. తెగిన పోగుకు పోగు కలిపినప్పుడు మా నాయన వేసే ముడి, నలుసంత. నేనెంత నేర్చుకున్నా నాకు రానిది.

నాడె ఆడుతూనే ఉంది.

"నీ ముడి జారిపోతాండె పాపా," అన్నాడు నాయన, వెనక్కి తిరగకుండా. "యాడుండెనో ఆడనే మళ్ళా కట్టినా."

సిగ్గేసి, పోగు తెంపేద్దామని గోరు పెట్టాను.

"తీయద్దు, ఉండనీ," అన్నాడు. నాడె ఆగింది. "అది నాకూ కావాల."